తనది కాని ఇంటిని అమ్మిన సుందర్ రాజు

ఇల్లు కట్టేవాడు గొప్పవాడు కాడు. ఇల్లు కొనేవాడు అంతకన్నా కాడు. తనది కాని ఇంటిని, తాను ఒక్క రాత్రయినా పడుకోని ఇంటిని, అందులో ఎప్పటికీ ఉండబోని మూడోవాడికి అమ్మేసి చేతులు దులుపుకుని వచ్చేవాడే ఈ న్యూజిలాండ్‌లో అసలైన దేశసేవకుడు!

నవ్వకండి. ఈ కాలమ్ సరదాకి మాట్లాడదు.

ఈ విద్యను ఇంగ్లీషులో హోల్‌సేలింగ్ అంటారు. హోల్‌సేల్ అనగానే మీకు ఆక్లాండ్ శివార్లలోని పాపటోయిటోయి షాపుల్లో బియ్యం బస్తాలు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. కానీ అక్కడ కనీసం బస్తా ఉంటుంది. ఇక్కడ అదీ అక్కర్లేదు. ఒక పెద్దావిడ ఇల్లు అమ్ముతానంటుంది. మనం వెళ్ళి కొంటామని సంతకం పెడతాం. కొనం. డబ్బు కట్టే గడువు వచ్చేలోపు ఆ సంతకాన్నే ఇంకొకరికి కాస్త ఎక్కువకి అమ్మేస్తాం. ఆ ఎక్కువ మనది. ఇల్లు పెద్దావిడది, డబ్బు మూడోవాడిది, తెలివి ఒక్కటే మనది. ఇంత శుభ్రమైన వ్యాపారం ఇంకోటి చూపించండి చూద్దాం!

ఇలాంటి వ్యాపారానికి ఉన్న ఒకే ఒక్క శత్రువు లాయర్. టైటిల్ చూడాలంటారు. అంటే ఇల్లు ఎవరి పేరు మీద ఉందో, దాని మీద ఇంకెవరి హక్కులున్నాయో సర్కారు రికార్డులో వెతకాలట. పాస్‌పోర్ట్ తెమ్మంటారు. ఎవరు ఎవరికి ఏం అమ్ముతున్నారో కాగితం మీద రాసి సంతకాలు చెయ్యమంటారు. మనిషి మీద మనిషికి నమ్మకం లేకుండా చేసే ఈ వృత్తి వల్ల మన సుందర్ రాజు వంటి మేధావికి ఎంత అన్యాయం జరిగిందో లోకానికి చెప్పాలి కదా?

సుందర్ రాజు ఏలూరు వైపు నుంచి చదువుకోవడానికి ఆక్లాండ్ వచ్చినవాడు. డిప్లొమా చేతికొచ్చింది, డిప్లొమాకి తగ్గ ఉద్యోగం మాత్రం రాలేదు. ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. భార్య ప్రేమజ్యోతి వృద్ధులుండే రెస్ట్ హోమ్‌లో నర్సు. కూతురు జెన్సీకి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ముగ్గురూ పాపటోయిటోయిలో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవారు.

ఆ ఫ్లాట్ హాల్లో, గోడకు ఆనించి, నేల మీద ఒక పెళ్ళి ఫోటో ఉండేది. మన దగ్గర పెళ్ళి ఫోటో ఉండాల్సిన చోటు గోడ. కానీ ఓనర్ ఒప్పుకోనిదే మేకు కొట్టకూడదు, ఓనర్ ఒప్పుకోడు. ఒకసారి అంటించే హుక్కు తెచ్చి తగిలిస్తే అర్ధగంటలో ఫోటో కిందపడి అద్దం పగిలింది. అప్పట్నుంచి ఫ్లాట్ మారినప్పుడల్లా ఫోటోలోని దంపతులు దుప్పట్లో చుట్టుకుని కొత్త నేల మీదకి దిగుతున్నారు. వాక్యూమ్ చేసేటప్పుడు ప్రేమజ్యోతి వాళ్ళిద్దర్నీ ఎత్తి సోఫాలో కూర్చోబెట్టేది, అయ్యాక మళ్ళీ దింపేది.

"మనకంటూ ఒక గోడ ఉంటే బావుణ్ణండి," అనేది.

"ఇల్లు కొనడమంటే బ్యాంకుకి బానిసవ్వడం ప్రేమా. ఫ్రాంక్లిన్ బ్రదర్ ఎంత బాగా చెప్పాడనుకున్నావ్! తెలివైనోడు ఇల్లు కొనడంట. అమ్ముతాడంట."

"ఏ ఇల్లండీ?"

"ఏదో ఒకటి. ఇల్లు ముఖ్యం కాదు, మైండ్‌సెట్ ముఖ్యం."

ఆవిడ మైండ్‌సెట్ మారలేదు. కిందటేడు బ్యాంకుకి వెళ్ళి ఇద్దరి పేర్ల మీదా లోన్ ప్రీ అప్రూవల్‌కి, అంటే ఇంతవరకు అప్పిస్తామని బ్యాంకు ముందే ఇచ్చే మాటకి, పెట్టింది. ఇంట్లో పోరు పడలేక సుందర్ రాజు చూపించిన చోటల్లా సంతకం చేసి, ఆ సంగతి మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు, గడువు తీరినప్పుడల్లా పొడిగించుకుంటూ వచ్చింది.

ఇక ఫ్రాంక్లిన్ గురించి చెప్పాలి. టౌరంగా ఊళ్ళో కివీపండ్లు పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో పనిచేసి, విసుగొచ్చి, ప్రాపర్టీ మెంటార్‌గా మారిన మహానుభావుడు. శనివారం శనివారం జూమ్‌లో క్లాసు చెబుతాడు. సొంతిల్లు లేనివాళ్ళకి ఇళ్ళమ్మే విద్య నేర్పుతాడు. ఆయనకీ సొంతిల్లు లేదు. తాను చెప్పేది ఆచరించే గురువులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

ఇక్కడి మన తెలుగు చర్చిలో ఇంకో మర్యాద ఉంది, అది కూడా మీకు తెలియాలి. వీసా గానీ, ఉద్యోగం గానీ, కడుపు గానీ, ఇల్లు గానీ, చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పరు. ముందే చెబితే పని చెడుతుందని భయం. వచ్చాక ఆదివారం నాడు అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెబుతారు, అందరూ హల్లెలూయా అంటారు. ఈ మర్యాద భార్యాభర్తలకు కూడా వర్తిస్తుందా? వర్తిస్తుందనే సుందర్ రాజు అనుకున్నాడు. విడిగా, ప్రేమజ్యోతి కూడా అనుకుంది.

ఆక్లాండ్ దక్షిణాన పాపకూర అనే పేటలో మిసెస్ హార్వుడ్ అనే పెద్దావిడ ఇల్లు అమ్మేసి టౌరంగాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలనుకుంటోందని సుందర్ రాజుకి వేర్‌హౌస్‌లో ఎవరో చెప్పారు. నీలం రంగు లెటర్‌బాక్స్, చెక్క ఇల్లు, గేటు పక్కన నిమ్మచెట్టు. చెట్టు కింద అట్టపెట్టె, అందులో నిమ్మకాయలు, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళవచ్చు.

అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు పిల్లని వెంట తీసుకెళ్ళమని ఫ్రాంక్లిన్ క్లాసులో చెప్పాడు. నమ్మకం పెరుగుతుందట. అమ్మకి సర్‌ప్రైజ్ అని చెప్పి సుందర్ రాజు జెన్సీని తీసుకెళ్ళాడు. పెద్దావిడ టీ ఇచ్చింది. జెన్సీ చేత నిమ్మకాయలు కోయించింది. ముందు గదిలో ఖాళీ గోడ చూపించి, ఇక్కడే మా పిల్లల ఫోటోలుండేవి, అన్నీ మూట కట్టేశానంది.

"నేను మీకు చెప్పిన ధరకన్నా ఎక్కువిస్తామని ఒక కంపెనీవాళ్ళు తిరుగుతున్నారు," అంది. "వాళ్ళెవరూ ఇక్కడ ఉండరు. మీరు మీ కుటుంబం కోసమే కదా కొంటున్నారు?"

"అవునండి, మా కుటుంబానికే," అన్నాడు సుందర్ రాజు. ఇది కూడా క్లాసులో చెప్పిన వాక్యమే.

"నిమ్మచెట్టు కొట్టెయ్యరు కదా?"

"అస్సలు కొట్టం."

అలా అంటున్నప్పుడు అతనికి గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది. ఇంటికొస్తూ కార్లోంచి ఫ్రాంక్లిన్‌కి ఫోన్ చేసి అడిగాడు. అది బాధ కాదు బ్రదర్, గ్రోత్, అన్నాడు ఫ్రాంక్లిన్. చూశారా, మంచి గురువు దొరికితే మనస్సాక్షి కూడా ఎంత త్వరగా నయమవుతుందో!

పెద్దావిడ తరఫు లాయర్ అగ్రిమెంట్ పంపాడు. కొనేవాడి పేరు దగ్గర 'సుందర్ రాజు లేదా నామినీ' అని ఉంది. అంటే తాను కొనకపోతే తాను చెప్పిన మనిషి కొనవచ్చు. సంతకం పెట్టేముందు మీ లాయర్‌కి చూపించుకోండి అని కూడా ఆ లాయర్ రాశాడు. ఎంత చొరవ!

"లాయర్ దగ్గరికెళ్తే డీల్ చచ్చిపోద్ది బ్రదర్," అన్నాడు ఫ్రాంక్లిన్. "నామినీ అన్న మాటుందిగా? నువ్వు బయటపడిపోయినట్టే. షరతులేం పెట్టకు, ధైర్యంగా కన్‌ఫర్మ్ చేసెయ్. ఆ డీల్ నేనే తీసుకుంటా, నీకు కొంచెం లాభం ఇస్తా, నేను ఇంకొంచెం పైన వేసి వేరేవాళ్ళకి ఇచ్చుకుంటా."

"మరి మన మధ్య కాగితం?"

"మనం విశ్వాసులం బ్రదర్. కాగితమెందుకు? ప్రార్థన చేద్దాం."

సుందర్ రాజు పెద్దావిడ అగ్రిమెంట్ మీద షరతుల్లేకుండా సంతకం పెట్టేశాక, ఇద్దరూ ఫోన్‌లోనే ప్రార్థన చేశారు. ఫ్రాంక్లిన్ చాలాసేపు చేశాడు. ఆమెన్ అన్నాడు. సుందర్ రాజు కూడా ఆమెన్ అన్నాడు. ఒక ఇల్లు చేతులు మారింది! స్టాంపు లేదు, సాక్షి లేడు, ఫీజు లేదు. ఇంత హాయిగా ఉండే పద్ధతిని ఈ దేశపు చట్టం ఇంకా ఎందుకు గుర్తించలేదో ఈ కాలమ్‌కి అర్థం కాదు.

ఆ వారమే తెలుగు నర్సుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పాపకూరలో మంచి ఇల్లు, ఇంకా మార్కెట్‌లోకి రాలేదు, సిస్టర్స్‌కి మాత్రమే. ప్రేమజ్యోతి ఫోన్ చేసింది. టౌరంగా నుంచి ఎవరో ఫ్రాంక్లిన్ అన్నాయన మాట్లాడాడు. మా ఆయన చెప్పే ఫ్రాంక్లినేనా అని ఆవిడకి ఒక క్షణం అనుమానం వచ్చింది. అడిగితే మాట ఇంట్లో తెలుస్తుందని ఊరుకుంది. లోపలికి వెళ్ళవద్దు, పెద్దావిడకి ఇబ్బంది, బయట్నుంచి చూసుకోండి సిస్టర్ అన్నాడాయన.

జెన్సీ స్కూల్లో ఉన్నప్పుడు ప్రేమజ్యోతి వెళ్ళి రోడ్డు మీద నిలబడి చూసింది. నీలం లెటర్‌బాక్స్. నిమ్మచెట్టు. ముందు గది కిటికీకి తెర లేదు. అందులోంచి ఒక వెడల్పాటి ఖాళీ గోడ కనిపించింది. ఇల్లంతా చూడలేదావిడ, ఆ గోడ ఒక్కటే చూసింది. దానికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫ్రాంక్లిన్ చెప్పిన ధర బ్యాంకు ఇస్తానన్నదానికి మించిపోతోంది. సరే, ఎక్స్‌ట్రా షిఫ్టులు చేస్తాననుకుంది. అట్టపెట్టెలోంచి నిమ్మకాయలు తీసుకుని ఇంటికొచ్చింది.

వంటింట్లో అప్పటికే నిమ్మకాయలున్నాయి.

"ఇవెక్కడివే?" అని జెన్సీనడిగింది. ఫ్రెండ్ వాళ్ళింట్లోవి అంది జెన్సీ. "అవెక్కడివి?" అని సుందర్ రాజు అడిగాడు. రెస్ట్ హోమ్‌లో ఎవరో ఇచ్చారంది ప్రేమజ్యోతి. ఈ దేశంలో నిమ్మకాయలు పంచని వాళ్ళెవరు గనక? రెండూ కలిపి ఊరగాయ పెట్టేసింది. ఒకే చెట్టు కాయలు ఒకే జాడీలో కలుసుకున్నాయి గానీ ఆ మొగుడూ పెళ్ళాలు మాత్రం ఒక మాట కలుపుకోలేదు.

ప్రేమజ్యోతికి ఒక చెడ్డ అలవాటుంది. నర్సు కదా, పేరు సరిచూసుకోకుండా ఎవరికీ పారాసిటమాల్ కూడా వెయ్యదు. అదే అలవాటుతో, నా లాయర్ ఒప్పుకుంటేనే కొంటాను అని రాయించి మరీ ఫ్రాంక్లిన్ కాగితం మీద సంతకం పెట్టింది. పాపటోయిటోయిలో మసాలా దుకాణం పైన ఆఫీసున్న నవీన అనే లాయర్‌కి పని అప్పగించింది. నవీన వరంగల్ మనిషి. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆవిడే దిక్కు, ఆవిడే అడ్డం.

వెంటనే నవీన, ఈ ఇల్లు అమ్మే హక్కు మీకుందని చూపించే కాగితం పంపమని ఫ్రాంక్లిన్‌ని అడిగింది. నీ డీల్ నాకిచ్చినట్టు ఎవరైనా లాయర్ చేత ఒక ముక్క రాయించి పంపు బ్రదర్ అని ఫ్రాంక్లిన్ సుందర్ రాజుకి పురమాయించాడు. సుందర్ రాజు ఎక్కడికెళ్తాడు? నవీన దగ్గరికే వెళ్ళాడు.

"ఏ ఇల్లండి?" అంది నవీన.

అడ్రస్ చెప్పాడు. రాసుకుంటున్న ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"ఈ పని నేను చెయ్యలేనండి."

"ఎందుకండీ?"

"ఎందుకో కూడా నేను చెప్పొద్దు. మా రూల్స్ అట్లుంటయ్. వేరే లాయర్ని చూస్కోండి. జర ఇయ్యాలే పోండి, లేట్ చెయ్యకండి."

సుందర్ రాజు మెట్లు దిగుతూ పళ్ళు కొరుక్కున్నాడు. తోటి తెలుగువాడు పైకొస్తుంటే చూడలేని బుద్ధి! ఇరుపక్షాల పనీ ఒకే లాయర్ చూస్తే ఒకరి రహస్యం ఒకరికి తెలుస్తుందని ఈ దేశంలో రూలు పెట్టారట. తెలిస్తే ఏమవుతుంది? ఇంటికెళ్ళి భార్యాభర్తలు పోట్లాడుకుని, అన్నం తిని, వ్యవహారం అక్కడితో తేల్చుకునేవారు. ఆ చిన్న ఆనందం కూడా మనకు దక్కనివ్వలేదు. అతను వేరే లాయర్ దగ్గరికి వెళ్ళలేదు. ఆమెన్ అన్నాక ఇంకా కాగితమేమిటని ఊరుకున్నాడు.

కొనేవాళ్ళు దొరికారు, సంతకం కూడా అయిపోయింది అని ఫ్రాంక్లిన్ మెసేజ్ పెట్టగానే సుందర్ రాజు ఇక ఆగలేకపోయాడు. ఆదివారం పాపకూరలో స్కూలు హాలు అద్దెకు తీసుకుని జరిపే ఆరాధనలో, సాక్ష్యాలెవరైనా చెబుతారా అని పాస్టర్ గారు అడగ్గానే లేచి నిలబడ్డాడు.

"దేవునికి స్తోత్రం. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుకునే నన్ను ప్రభువు ప్రాపర్టీ రంగంలోకి నడిపించాడు. నాది కాని ఇంటిని నా చేత అమ్మించాడు. ఇక్కడే పాపకూరలో, నీలం లెటర్‌బాక్స్, గేటు పక్కన నిమ్మచెట్టు. ఒక ముసలమ్మ దగ్గర చవగ్గా ఇప్పించాడు. టౌరంగా ఫ్రాంక్లిన్ బ్రదర్ ద్వారా దాన్ని ఎవరో పిచ్చోళ్ళకి ఎక్కువకి..." అని నాలిక్కరుచుకుని, "ఎవరో అవసరంలో ఉన్నవాళ్ళకి అందించాడు."

హల్లెలూయా అన్నారందరూ.

ఆడవాళ్ళ వైపు ప్రేమజ్యోతి లేచి నిలబడింది. చీర కొంగు సర్దుకుంది. గొంతు పెద్దగా చెయ్యలేదు.

"దేవునికి స్తోత్రం. పెళ్ళైనకాణ్ణుంచి నేలమీదున్న మా పెళ్ళి ఫోటోకి ప్రభువు ఒక గోడ చూపించాడు. నీలం లెటర్‌బాక్స్, నిమ్మచెట్టు. టౌరంగా ఫ్రాంక్లిన్ బ్రదర్ ద్వారా. ధర ఎక్కువైనా ఎక్స్‌ట్రా డ్యూటీలు చేసి కట్టుకుందామనుకున్నాను. ఆ పిచ్చోళ్ళం మేమేనని ఇప్పుడే తెలిసింది."

అలవాటు కొద్దీ వెనకెవరో మళ్ళీ హల్లెలూయా అన్నారు. ఒకే కుటుంబానికి రెండు దీవెనలు అని పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. సుందర్ రాజు కళ్ళు మూసుకుని మళ్ళీ తెరవడానికి భయపడ్డాడు.

కారులో ఇంటికి బయల్దేరారు. వెనక సీట్లోంచి జెన్సీ ఇంగ్లీషులో ఒకే ప్రశ్న అడిగింది: "డాడీ, మనం ఆ ఇల్లు కొంటున్నామా, అమ్ముతున్నామా?"

ఇంత సూటి ప్రశ్న ఫ్రాంక్లిన్ క్లాసులో ఎవరూ అడగలేదు. సుందర్ రాజుకి ఫ్రాంక్లిన్ ఇస్తానన్న లాభం గుర్తురాలేదు. ప్రేమజ్యోతి ఎక్స్‌ట్రా డ్యూటీలు చేసొచ్చి సోఫాలో కూలబడి కాళ్ళు పట్టుకునే దృశ్యం గుర్తొచ్చింది. ఆ కాళ్ళ నొప్పిలోంచే తన లాభం రావాలి. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు నవీన ప్రేమజ్యోతిని పిలిచింది. "టైటిల్ చూసిన. ఇల్లు పెద్దమ్మ పేరు మీదుంది. ఆమె లాయర్ని అడిగిన, ఆమెతోని సంతకం చేసింది మీ ఆయన. మధ్యల ఈ ఫ్రాంక్లిన్ ఎక్కడా లేడమ్మా. ఆయన పేరు మీద ఒక్క సంతకం లేదు, అడిగితే ఫోన్ల ఆమెన్ ఉందంటడు. ఆయన కాడ అమ్మనీకి ఏం లేదు. నేను ఒప్పుకోను."

చూశారా లాయర్ల అహంకారం? రెండు నోళ్ళు మనస్ఫూర్తిగా అన్న ఆమెన్‌ని ఒక్క మాటతో తీసిపారేసింది! ఆ ఆమెన్ మీద కడుతున్న మేడలు ఒక్క కాగితం లేదని కూలిపోయాయి.

ఫ్రాంక్లిన్ పక్కకి తప్పుకున్నాడు. మరి సుందర్ రాజు? అతను పాపకూరలో ఇంకో లాయర్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన అగ్రిమెంట్ చదివి, కళ్ళజోడు తీసి, చాలా మర్యాదగా చెప్పాడు. నామినీ అన్న మాట వల్ల మీరు ఇంకొకర్ని తీసుకురావచ్చు. ఆ ఇంకొకరు రాకపోతే మీరే కొనాలి. షరతులు కూడా లేవు.

"కొనడానికి కాదండీ నేను సంతకం పెట్టింది!" అన్నాడు సుందర్ రాజు.

"కొంటానని రాసి ఉంది కదండీ," అన్నాడు లాయర్.

ఇంతకన్నా ఘోరం ఉంటుందా? కొంటానని రాసిచ్చినవాడి చేత కొనిపిస్తారట! ఆ సాయంత్రం సుందర్ రాజు సోఫా ముందు కింద కూర్చుని, పెళ్ళి ఫోటో పక్కనే, భార్యతో మొత్తం చెప్పాడు. పెద్దావిడతో అబద్ధమాడానని కూడా చెప్పాడు. ప్రేమజ్యోతి తిట్టవలసినవన్నీ తిట్టింది. తర్వాత బీరువాలోంచి బ్యాంకు కాగితాలు తీసింది. పెద్దావిడ చెప్పిన అసలు ధరకైతే, మధ్యలో వాళ్ళ లాభాలు లేకపోతే, ఆ లోన్ సరిపోతుంది. ఎక్స్‌ట్రా డ్యూటీలు అక్కర్లేదు. తమని ఆ ఇంటికి అంత దూరం చేసింది మధ్యలో నిలబడిన మనుషులే, అందులో మొదటివాడు తన మొగుడే.

"ఆవిడతో అబద్ధమాడానన్నారుగా," అంది. "దాన్ని నిజం చేసెయ్యండి."

తాళాలు ఇచ్చిన రోజు మిసెస్ హార్వుడ్ జెన్సీని దగ్గరకు తీసుకుంది. కంపెనీవాళ్ళకి ఇవ్వకుండా మంచిపని చేశానని ప్రేమజ్యోతితో అంది. సుందర్ రాజు తలెత్తలేకపోయాడు. ఆవిడ అది సిగ్గని తెలియక, మంచి మనిషి అని అతని చెయ్యి పట్టుకుంది. అతనికి ఇంకా సిగ్గేసింది.

ఆ రోజే సుత్తి తెచ్చి ముందు గది గోడకి మేకు కొట్టాడు. మొదటి మేకు వంకరపోయింది. రెండోది దిగింది. ఫోటో గోడెక్కింది. కొంచెం పక్కకి వాలింది గానీ ఎవరూ సరిచెయ్యలేదు.

పాఠకులారా, నష్టం గమనించారా? పదిమంది చేతులు మారి, మారిన ప్రతిచోటా ధర పెరిగి, చివరికి తెరలు దించుకుని ఖాళీగా ఉండవలసిన ఒక మంచి ఇల్లు మార్కెట్ నుంచి తప్పిపోయింది. ఇప్పుడు అందులో మనుషులుంటున్నారు! ఇదే వీధిలో పక్కిల్లు చూడండి. కంపెనీ కొని, ఇంకో కంపెనీకిచ్చి, అది ఇంకెవరికో ఇచ్చింది. లెటర్‌బాక్స్ నిండిపోయి కాగితాలు గడ్డిలో పడుతున్నాయి. అభివృద్ధి అంటే అదీ. ఒక్క లాయర్ నోరు మూసుకుని ఉంటే సుందర్ రాజు ఇల్లు కూడా అంత అభివృద్ధి చెందేది.

కిందటి శనివారం ఈ ఘోరాన్ని కళ్ళారా చూసి ఖండించి వద్దామని ఈ కాలమ్ రచయిత స్వయంగా వెళ్ళాడు. ప్రేమజ్యోతి నిమ్మకాయ ఊరగాయతో అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ ఎదురుగా ఆ వాలిపోయిన ఫోటోనే కనిపించింది. ఖండించడం మర్చిపోయి, వస్తూ వస్తూ అట్టపెట్టెలోంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చుకున్నాడు.

వాటిని మా ఫ్లాట్‌లో పెడదామంటే చోటు లేదు. వచ్చే నెల ఖాళీ చెయ్యమని ఓనర్ చెప్పాడు, ఇల్లు ఎవరికో అమ్మేశాడట, ఎవరికో ఆయనకీ తెలియదట. సామాను సర్దుతున్నాం. మా పెళ్ళి ఫోటోని మా ఆవిడ ఇప్పుడే దుప్పట్లో చుట్టింది.